అరుగు పోయి ర్యాంపు వచ్చింది

హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ ముప్పై అడుగుల రోడ్డున్న కాలనీలో పొద్దున్నే వాకింగ్‌కి బయల్దేరిన పెద్దాయన్ని కాసేపు గమనించండి. ఆయన ఫుట్‌పాత్ మీద నడవడు. అసలు ఉంటే కదా అనొచ్చు. ఉన్న చోట కూడా నడవడు. ప్రతి గేటు ముందూ కారు ఎక్కడానికి సిమెంటుతో వాలుగా పోసిన ర్యాంపు ఒకటి, మురుగు కాలువ మీదుగా రోడ్డులోకి రెండు మూడు అడుగులు చొచ్చుకొచ్చి ఉంటుంది. పక్కింటి ర్యాంపు దీనికంటే జానెడు ఎత్తు. ఆ పక్కది టైల్స్ వేసి నున్నగా, తడిస్తే కాలు జారేలా ఉంటుంది. రెండింటి మధ్య పూలకుండీలు, లేదా కవరు కప్పిన కారు. అరవై దాటిన మోకాళ్ళకి ఈ ఎక్కడం దిగడం ఎందుకని ఆయన రోడ్డు మధ్యలోకి వచ్చేస్తాడు. స్కూలు బస్సు హారన్ కొట్టినప్పుడు పక్కకి జరుగుతాడు, మళ్ళీ మధ్యలోకి వస్తాడు.

ఇంటికీ వీధికీ నడుమ ఉన్న ఆ మూడు నాలుగు అడుగుల జాగాలో రెండు మూడు తరాల కిందట అరుగు ఉండేది. ఇంటాయన తన డబ్బుతో కట్టించినా, దాని మీద కూర్చునేవాళ్ళలో సగం మంది బయటివాళ్ళే. ర్యాంపు కూడా ఇంటాయన డబ్బుతో కట్టిందే, కానీ అది నిలబడ్డ నేల వీధిది. స్పేషియల్ డిజైన్ (జాగా అమరిక) అనగానే ఎయిర్‌పోర్టులు, మాల్స్, కొత్త రాజధానుల త్రీడీ బొమ్మలు గుర్తొస్తాయి. జాగాను అమర్చే తీరుతో మనుషుల మధ్య వ్యవహారం ఎలా మారుతుందో తెలియాలంటే అంత దూరం వెళ్ళక్కర్లేదు. తెలుగు ఇంటి ముందున్న ఈ నాలుగు అడుగుల పట్టీని చూస్తే చాలు.

అరుగులో పెద్ద ఇంజినీరింగ్ ఏమీ లేదు. వీధి గోడకి ఆనించి మట్టితోనో రాతితోనో కట్టిన దిమ్మె అది. కోస్తా ఇళ్ళలో సింహద్వారానికి అటొకటి ఇటొకటి, మధ్యలో మెట్లు, పైన పెంకుల చూరు కిందికి వాలి కర్ర స్తంభాల మీద ఆగేది. రాయలసీమలో కడప బండలు పరిచేవారు. తెలంగాణలో తాండూరు, షాబాదు బండలు. మట్టి అరుగైతే పేడతో అలికి అంచు వెంబడి ముగ్గు గీసేవారు. వెడల్పు ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత. ఎత్తు మోకాలి నుంచి నడుము లోపు.

కిటుకంతా ఆ ఎత్తులోనే ఉంది. రెండడుగుల దిమ్మె మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న మనిషి కళ్ళు, వీధిలో నడిచిపోయే మనిషి కళ్ళు దాదాపు ఒకే మట్టంలో ఉంటాయి. కూర్చున్నవాడు తలెత్తక్కర్లేదు, నడిచేవాడు వంగక్కర్లేదు. "ఏం బాబాయ్, ఎటు?" అన్న మాట పుట్టడానికి అంతకంటే అనువైన కొలత దొరకదు. వానాకాలం వీధిలో పారే నీళ్ళు కూర్చున్న చోటిదాకా రావు. గోడ లేదు, తలుపు లేదు, అయినా ఇది వీధి కాదని ఆ ఎత్తే చెబుతుంది. చూరు నీడ పడినంత మేర ఇంటిది, ఆపైన ఊరిది. ఆ రెండూ కలిసే చోట ఎవరినీ అడక్కుండా కూర్చోవచ్చు.

అరుగు వెనక ఇల్లు కూడా ఇదే లెక్కలో సాగేది. వీధి, అరుగు, గడప, సావిడి, నట్టిల్లు, వంటిల్లు, పెరడు. గోదావరి జిల్లాల మండువా లోగిలిలో మధ్యన ఆకాశం కనిపించే ఖాళీ, దాని చుట్టూ వసారాలు. తెలంగాణ భవంతి ఇల్లూ ఇంచుమించు అంతే. గుమ్మాలన్నీ వరసలో ఉంటే వీధి తలుపు దగ్గర నిలబడ్డవాడికి పెరట్లో వెలుగు కనిపించేది. చూపు అంతదూరం పోయినా మనిషి పోడు. పాలవాడు గడప దాకా, బట్టల మూట వేసుకొచ్చినవాడు అరుగు దాకా, వియ్యంకుడు సావిడి దాకా, మేనమామ వంటింటి దాకా. ఎవరు ఎక్కడ ఆగాలో ఎవరూ నోరు తెరిచి చెప్పేవారు కాదు. ఇల్లే చెప్పేది.

ఒక్క దిమ్మె మీద ఎన్ని పనులు జరిగేవో! కార్డు ముక్క చదివించుకోవడం, క్షవరం, పంచాంగం, కౌలు బేరం, ఎండాకాలం రాత్రి నిద్ర, చీకటి పడ్డాక ఊరు చేరిన బాటసారికి పడక. పాత ఊళ్ళలో కొన్ని అరుగు రాళ్ళ మీద పులిజూదం గళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. ఎవరో పనిగట్టుకుని ఉలితో చెక్కిన గీతలు. ఇక్కడ కూర్చోవడం ఒక్క రోజు వ్యవహారం కాదని వాళ్ళకి తెలుసన్నమాట.

బడి కూడా అక్కడే. గురువుగారికి వేరే భవనం లేకపోయినా ఒక అరుగు, కొంత ఇసుక ఉంటే చాలు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. ఆంగ్లేయులు వీటిని పియల్ స్కూళ్ళన్నారు. పియల్ అనేది ఇంగ్లీషు మాటేమీ కాదు. అరుగుని పోర్చుగీసువాళ్ళు పిలిచిన పేరు తెల్లదొరల నోట అలా మారింది. తెలుగు వ్యాకరణం రాసిన ఏ.డి. క్యాంప్‌బెల్ బళ్ళారి కలెక్టరుగా ఉండగా 1823లో మద్రాసుకు పంపిన నివేదికలో తన జిల్లాలో 533 బడులున్నాయని లెక్క చెప్పాడు. ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పట్లో ఆ జిల్లాలోదే. ఇటుకా సున్నం ఖర్చు లేకుండా అన్ని బడులు నడవడంలో అరుగుల వాటా చిన్నదేం కాదు. పైగా అది వీధిలోనే జరిగే చదువు. పిల్లవాడు ఎక్కం తప్పు చెబితే దారిన పోయే మేనమామ కూడా వినేవాడు.

ఇంతవరకు చదివి "ఆ రోజులే వేరు" అని నిట్టూర్చబోయేవాళ్ళు ఒక్క నిమిషం ఆగాలి. అరుగు మీద తడికళ్ళ పోస్టులు ఫేస్‌బుక్‌లో నెలకోటి కనిపిస్తాయి. వాటిలో ఒక ప్రశ్న ఉండదు. ఆ అరుగు మీద కూర్చోలేనిదెవరు?

మొదట ఆ ఇంటి ఆడవాళ్ళే. వీధి అరుగు మగవాళ్ళది. ఎక్కువ ఇళ్ళలో కోడలు వీధి అరుగు మీద కాసేపు కూర్చుంటే చాలు, అత్తగారి కంటికి అది తప్పు. మగవాళ్ళు పొలం వెళ్ళిన మధ్యాహ్నం వేళ బియ్యం ఏరుకుంటూనో, జడలు వేసుకుంటూనో కూర్చోవడానికి కొంత వీలుండేది, అదీ పనిచేసే ఇళ్ళలో. పరువు పెరిగినకొద్దీ ఆ కాసేపు కూడా పోయేది. వాళ్ళ కబుర్లు పెరట్లో, నూతిపళ్ళెం దగ్గర. ఒకే ఇంటికి రెండు ముఖాలు. ఊరి సంగతులు తేలేది వీధి వైపు, ఇంటి కబుర్లు నడిచేది పెరటి వైపు. ఆస్తి పంపకాల నుంచి పిల్ల పెళ్ళి దాకా అన్నీ ముందు వైపే తేలడంలో ఈ అమరికకి కూడా పాత్ర ఉంది.

ఇక వాడలోంచి వచ్చిన మనిషి అరుగు కింద నిలబడాల్సిందే. వీధిలోకి అడుగుపెట్టగానే చెప్పులు చేతిలోకి రావాలి. దాహమేస్తే పైనుంచి పోస్తే దోసిలి పట్టాలి. ఇందాక చెప్పుకున్న రెండడుగుల ఎత్తు, సమానుడైన బాటసారికి కంటికి కన్ను కలిపిన ఆ ఎత్తే, కూర్చోవడానికి వీల్లేని మనిషి ముందు గద్దె అయిపోయేది. తెలంగాణలో దొరల గడీలు దీన్ని ఇంకా పెంచి కట్టాయి. ఎత్తైన ప్రహరీ, పెద్ద దర్వాజ, లోపల దొర కూర్చునే చోటికీ జనం నిలబడే చోటికీ మధ్య బోలెడు ఖాళీ. కొట్టే పని పడకముందే సగం భయం ఆ నడకలోనే పుట్టేది.

ఊరి పటమే అలా ఉండేది మరి. ఊరు, వాడ అన్న రెండు మాటలు పక్కపక్కన వాడుతున్నామంటేనే ఒకటి లోపల, ఒకటి బయట అని అర్థం. మంచినీళ్ళు, గుడి, దారి అన్నీ ఆ గీతను బట్టే. 1985 జూలైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలు తాగే నీళ్ళ చెరువు దగ్గర మొదలైన గొడవ, మర్నాటికి ఆరుగురు మాదిగల ఊచకోతకు దారితీసింది. ప్రాణాలతో మిగిలినవాళ్ళు ఊరు వదిలి చీరాల చేరారు, అక్కడే కాలనీ కట్టుకున్నారు. తిరిగి ఆ పటంలోకి వెళ్ళడం కంటే కొత్త పటం గీసుకోవడమే నయమనిపించింది వాళ్ళకి. జాగా అమరిక అంటే అందచందాల వ్యవహారమని అనుకునేవాళ్ళు ఈ ఒక్క ఉదంతం గుర్తుపెట్టుకుంటే మంచిది.

సరే, అరుగు ఎలా పోయింది? ఎవరూ ఉద్యమం చేసి పీకెయ్యలేదు. ఫ్యాను వచ్చాక రాత్రి పడక లోపలికి పోయింది. టీవీ వచ్చాక సాయంత్రం లోపలికి పోయింది. లారీలు, ఆటోల దుమ్ము వచ్చాక తలుపు మూతపడింది. ఊరి మధ్య రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా ముందు తగిలేది అరుగే. మున్సిపాలిటీ కొలత టేపు పట్టుకుంటే చాలా అరుగులు వీధి ఆక్రమణ కిందే తేలాయి. చట్టం లెక్కలో అది తప్పని అనలేం. వీధికీ ఇంటికీ చెందిన దాన్ని ఎవరి పేరున రాయాలో రికార్డులకి తెలియదు.

అన్నింటికంటే విచిత్రమైనది సిమెంటు రోడ్డు సంగతి. పల్లెల్లో సీసీ రోడ్డు వేసేటప్పుడు పాతదాన్ని తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తారు. ఐదారేళ్ళకోసారి ఆరంగుళాలు. రోడ్డు పైకి లేస్తుంటే ఇల్లు దిగిపోతుంది. మూడు మెట్లెక్కి చేరే అరుగు మొదట రెండు మెట్ల అరుగవుతుంది, తర్వాత ఒక మెట్టు, చివరికి రోడ్డుతో సమానం. వాన పడితే నీళ్ళు గడప దాటి లోపలికొస్తాయి. అప్పుడు ఇంటివాళ్ళు గడప ముందు చిన్న కట్ట పోసుకుంటారు. ఒకప్పుడు మేనమామ కాళ్ళు వేలాడేసిన చోట ఇప్పుడు ఇసుక బస్తాలు ఉంటాయి. ఇల్లు కదల్లేదు, అరుగు కదల్లేదు, రోడ్డు మందం ఒక్కటే మారింది.

పట్నాల్లో కథ వేరు. అక్కడ కొత్త ఇంటికి అరుగు కట్టాలన్నా నిబంధనల్లో చోటు లేదు. 2006లో జీవో 86, ఆ తర్వాత 2012 ఏప్రిల్‌లో జీవో 168, ప్లాటు సైజునీ రోడ్డు వెడల్పునీ బట్టి ఇంటి ముందు, పక్కల ఎంత ఖాళీ వదలాలో చెప్పాయి. దాన్నే సెట్‌బ్యాక్ అంటారు. గాలి, వెలుతురు, నిప్పంటుకుంటే ఫైరింజన్‌కి దారి, ఇవన్నీ మంచి కారణాలే. నిబంధన ఖాళీ వదలమంటుంది. ఆ ఖాళీ దేనికి పనికిరావాలో దానికి పట్టదు. ఇంటి యజమాని ఆలోచన ఇంకోలా ఉంటుంది. గజం లక్ష పెట్టి కొన్న జాగా, వాడుకోనివ్వట్లేదు, కనీసం గోడైనా పెట్టుకోనివ్వండి అంటాడు. ఆరడుగుల కాంపౌండ్ వాల్ లేస్తుంది. వెనక ఉన్న నాలుగడుగుల ఖాళీలో బోరు మోటారు, చెప్పుల స్టాండు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్, ఎప్పుడో కొన్న సైకిలు. అరుగున్నప్పుడు ఆ పట్టీని ఇల్లూ వీధీ రెండూ వాడుకునేవి. సెట్‌బ్యాక్‌ని రెండూ వాడుకోవు. కారు లోపలికి వెళ్ళాలి కనుక ర్యాంపు మాత్రం బయటికి సాగుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తెలుగువాళ్ళ ఇంటి గురించి రాసినట్టే కాదు. ఇల్లు కట్టేటప్పుడు జాగా గురించి మనవాళ్ళు మాట్లాడినంత ఇంకెవరూ మాట్లాడరేమో, కానీ ఆ మాటల్లో ముప్పాతిక వంతు వాస్తుదే. ఈశాన్యంలో బరువుందా, వంటగది ఆగ్నేయంలోనే ఉందా, ఎదురుగా వీధిపోటు ఉందా. సంపు మూడడుగులు జరిపించడానికి లక్షలు ఖర్చు పెట్టినవాళ్ళున్నారు. వంటింట్లో నిలబడే మనిషికి హాల్లో మాట వినిపిస్తుందా, కిటికీలోంచి వీధి కనిపిస్తుందా, గట్టు ఎత్తు ఆమె పొడుగుకి సరిపోతుందా అని ప్లాను గీసే టేబుల్ దగ్గర అడిగేవాళ్ళు తక్కువ. వాస్తు నమ్మకం జోలికి పోనక్కర్లేదు. పటం మీద వేలు పెట్టి గంటలు గంటలు వాదించే ఓపిక మనకుందని అది రుజువు చేసింది. ఆ ఓపికలో కాసింత గేటు అవతలికి మళ్ళితే రోడ్డుకి పనికొచ్చేది.

అపార్ట్‌మెంట్ వచ్చాక కింది అంతస్తు మొత్తం కార్లకి ఇచ్చేశారు. స్టిల్టు పార్కింగ్ అన్నమాట. వీధిలో నడిచేవాడికి కంటి మట్టంలో కనిపించేది స్తంభాలు, బంపర్లు, వాచ్‌మన్ కుటుంబం ఉండే ఒక్క గది. మనుషులు పది అడుగులు పైకి లేచిపోయారు. పైనుంచి వీధి కనిపిస్తుంది కానీ పలకరించడానికి కుదరదు. డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యాన్ గేల్ ఐదో అంతస్తు దాటితే వీధితో సంబంధం తెగిపోతుందంటాడు. కార్లు నింపిన కింది అంతస్తు ఉంటే మొదటి అంతస్తుకే తెగుతుందని మన కాలనీలు చూస్తే అనిపిస్తుంది.

అయినా మనుషులు ఊరుకోరు. ఏడాదిలో కొన్ని రోజులు ఆ పార్కింగే అరుగవుతుంది. బతుకమ్మ రోజుల్లో సాయంత్రం కార్లు రోడ్డు మీదికి పంపించి, నూనె మరకల మీద నీళ్ళు కొట్టి, పసుపు రంగుతో రాసిన ఫ్లాటు నంబర్ల మధ్య తంగేడు పూల బతుకమ్మల్ని పెడతారు. 302 గడిలో ఒకటి, 204 గడిలో ఒకటి. నాలుగేళ్ళుగా ఒకే లిఫ్టులో ఎక్కి దిగుతూ పేర్లు తెలియని ఆడవాళ్ళు ఆ రాత్రి ఒకరి పక్కన ఒకరు చప్పట్లు కొడుతూ తిరుగుతారు. వినాయక చవితి పందిరి అక్కడే, పిల్లాడి పుట్టినరోజు అక్కడే. కింది అంతస్తుని పూర్తిగా ఫ్లాట్లతో నింపేసి ఉంటే ఇవి కూడా ఉండేవి కావు. కార్ల కోసం వదిలిన జాగా పండగలకి దొరకడం ఎవరూ అనుకుని చేసిన డిజైన్ కాదు.

చావు మాత్రం అంత తేలిగ్గా ఇమడదు. మూడో అంతస్తులో పెద్దాయన పోతే చిన్న లిఫ్టులో పడుకోబెట్టి దించడానికి పట్టదు. కుర్చీలో కూర్చోబెట్టి, తువ్వాలుతో కట్టి, మెట్ల మలుపులో నలుగురు పక్కకి వంగి దించాలి. అద్దె ఇల్లయితే ఇంకా కష్టం. శవాన్ని లోపలికి తేవొద్దని ఓనరు అంటే ఆస్పత్రి నుంచి నేరుగా శ్మశానానికి పోవడమో, రోడ్డు పక్కన టెంటు వెయ్యడమో. పాత ఇంట్లో ఆ చివరి కొద్ది గంటలు కూడా వీధి అరుగు మీదో, వాకిట్లోనో గడిచేవి. ఊరంతా వచ్చి చూసి వెళ్ళేది. ఫ్లాటు ప్లాను గీసేటప్పుడు పెళ్ళి ఫోటోల గోడ గురించి ఆలోచిస్తారు గానీ ఈ రోజు గురించి ఆలోచించరు. ఎవరికి ఆలోచించాలనిపిస్తుంది కనక!

పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో గడీ వాసన కొంత మళ్ళీ వచ్చింది. పనివాళ్ళు, డెలివరీ వాళ్ళు సర్వీస్ లిఫ్టే వాడాలని బోర్డులు. లోపల పార్కు, వాకింగ్ ట్రాక్, చిన్నపిల్లల ఉయ్యాలలు, అన్నీ బాగుంటాయి. బయట ఆ ప్రహరీ వెంబడి అర కిలోమీటరు నడిస్తే ఒక్క తలుపు, ఒక్క కిటికీ, ఒక్క దుకాణం తగలదు. రాత్రి ఏడింటికి ఆ రోడ్డు మీద ఒంటరిగా నడవాల్సిన పనమ్మాయికి తెలుసు ఆ గోడ సంగతి. లోపలివాళ్ళ భద్రత కోసం కట్టిన గోడ బయట ఉన్న ఆమెకి భయం తెచ్చిపెట్టింది. న్యూయార్క్‌లో జేన్ జేకబ్స్ అనే ఆవిడ 1961లోనే ఈ మాట చెప్పింది. వీధిని కాపాడేది పోలీసుకన్నా ముందు దాన్ని చూస్తూ ఉండే మామూలు జనం కళ్ళే అని. అక్కడి పాత ఇళ్ళ ముందు మెట్ల వరస ఉంటుంది. స్టూప్ అంటారు, డచ్చి మాట. సాయంత్రాలు జనం దాని మీద కూర్చుంటారు. మన అరుగుకి దూరపు చుట్టం.

అదే అమెరికాలో శివారు కాలనీలకి పిల్లల దగ్గరికి ఆరు నెలలకని వెళ్ళొచ్చిన తెలుగు తల్లిదండ్రులు మొదట చెప్పేది ఇళ్ళ గొప్ప గురించి, రెండో మాట "రోడ్డు మీద మనిషి కనపడడమ్మా" అని. అక్కడా ఇంటి ముందు భాగం గ్యారేజీదే. కొత్త కాలనీల్లో మనమూ అదే తెచ్చుకుంటున్నాం.

వీధికి ఏదో ఒకటి ఇచ్చే కట్టడాలు పల్లెల్లోనే ఉండేవనుకోనక్కర్లేదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ని ముంచేశాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. చార్మినార్‌కి వెళ్ళే దారిలో పత్తర్‌గట్టి ఆ బోర్డు చేయించిన పనే. రాతి కమానుల వరస, కమానుల వెనక నీడలో నడక దారి, ఆ వెనక దుకాణాలు. మే నెల ఎండలో కూడా గాజుల షాపు నుంచి అత్తరు షాపు దాకా తల మాడకుండా పోవచ్చు. కొనేవాడికి నీడ, అమ్మేవాడికి గిరాకీ, ఏమీ కొననివాడికి కూడా నీడే. ఇప్పుడా కమానుల కింద సగం దారి సరుకుతో నిండి ఉంటుంది, అది వేరే గొడవ. వందేళ్ళ తర్వాత కట్టిన షాపింగ్ కాంప్లెక్సుల్లో ఆ కొలత ఎక్కడా కనిపించదు. గ్లాసు గోడ, దాని ముందు పార్కింగ్, దాని ముందు రోడ్డు. మెట్రో పిల్లర్లు పడ్డ చోట ఉన్న కాస్త ఫుట్‌పాత్ కూడా సన్నబడింది. రైలు దిగిన మనిషి ఆఖరి అర కిలోమీటరు ఎలా వెళ్తాడన్నది మాత్రం ఆటోవాడికి వదిలేశారు.

బస్టాపుల సంగతి కూడా చూడాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం. టికెట్ ఖర్చు లేకుండా పోవడంతో ఇంతకుముందు ఇల్లు కదలనివాళ్ళు కూడా బయటికొచ్చారు. బస్సు కోసం వేచి ఉండే చోటు మాత్రం అలాగే ఉంది. చాలా షెల్టర్లలో ఎండ పడమటి నుంచి నేరుగా మొహాన కొడుతుంది. కూర్చోవడానికి రెండు ఇనప పైపులు. వెనక వెలిగే ప్రకటన బోర్డు షెల్టరులో సగం. అందుకే జనం షెల్టరు వదిలేసి పక్కనున్న చెట్టు కిందో, కిరాణా కొట్టు మెట్ల మీదో నిలబడతారు. బస్సు షెల్టరు దగ్గర ఆగదు, జనం నిలబడ్డ చోట ఆగుతుంది. డ్రైవరుకి తెలిసిన ఈ సంగతి షెల్టరు ఎక్కడ పెట్టాలో నిర్ణయించేవాళ్ళకి తెలిస్తే బాగుండు.

పేదల ఇళ్ళ లెక్క ఇంకోటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ళ పట్టాల పంపిణీలో పట్టణాల్లో ఇచ్చింది కుటుంబానికి ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర. సెంటు అంటే 48 గజాల చిల్లర, 435 చదరపు అడుగులు. అందులో ఇల్లు 340 చదరపు అడుగులు. మిగిలేది 95 అడుగులు, చిన్న గదంత. మేడ మీదికి మెట్లు, బండి, గ్యాస్ సిలిండరు, తులసి మొక్క, నీళ్ళ డ్రమ్ము అన్నీ ఆ 95 అడుగుల్లోనే సర్దుకోవాలి. ఆ తర్వాతి ప్రభుత్వం పట్టణంలో రెండు, పల్లెలో మూడు సెంట్లంది. మధ్యతరగతి వాళ్ళకి ఈ అరసెంటు, సెంటు తేడాలు రాజకీయ పద్దులా అనిపిస్తాయి. మేక ఉన్నవాళ్ళకి, మగ్గం ఉన్నవాళ్ళకి, సాయంత్రం వాకిట్లో బజ్జీల పొయ్యి పెట్టుకునేవాళ్ళకి అది పూట గడిచే తేడా.

తెలంగాణలో దారి పైకి పోయింది. హైదరాబాద్ శివారు కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభమైన డబుల్ బెడ్రూం సముదాయంలో 15,660 ఇళ్ళు, ఒక్కోటి 560 చదరపు అడుగులు, తొమ్మిది నుంచి పదకొండు అంతస్తుల బ్లాకులు. గదుల సంఖ్య, లిఫ్టు, నీళ్ళు, ఏ రకంగా చూసినా పాత బస్తీ గుడిసె కంటే మెరుగైన ఇల్లు. అయితే బస్తీలో ఆ గుడిసె ముందున్న నాలుగడుగులే చాలామందికి దుకాణం, కుట్టుమిషన్ పెట్టుకునే చోటు, పిల్లల్ని కనిపెట్టుకుంటూ ఉల్లిపాయలు తరిగే చోటు. తోపుడు బండి తొమ్మిదో అంతస్తుకి ఎక్కదు. కిందే వదిలేస్తే రాత్రికి ఎవరు చూస్తారు? ఇంటి లోపలి అడుగులు లెక్కపెట్టి ఇచ్చారు, గుమ్మం బయటివి ఏ అంచనాలోనూ లేవు.

కొలతలు మారితే అలవాట్లు ఎంత త్వరగా మారతాయో చూడాలంటే రాత్రి పదింటికి ఏదైనా మెయిన్‌రోడ్డు మీదికి వెళ్ళాలి. షట్టర్లు పడతాయి. బట్టల షాపు ముందున్న మూడు మెట్లు అప్పుడు ఖాళీ అవుతాయి. ఐదు నిమిషాల్లో హాస్టల్ కుర్రాళ్ళు ఇద్దరు వచ్చి కూర్చుంటారు. పక్కన ఆటో డ్రైవరు టిఫిను డబ్బా విప్పుతాడు. ఆర్డరు కోసం చూస్తున్న డెలివరీ అబ్బాయి బండి దిగి, హెల్మెట్ పక్కన పెట్టి, రాతి మెట్టు మీద కాళ్ళు చాపుతాడు. అవతలి షాపాయన గడుసు. తన మెట్ల మీద వరసగా ఇనప మేకులు దింపించాడు, ఎవరూ కూర్చోకుండా. ఆ మేకుల మధ్య ఖాళీల్లో ఇప్పుడు మల్లెపూలమ్మే ఆవిడ తన బుట్టని ఒరగకుండా నిలబెట్టుకుంటోంది.